బీములోంచి వేడినీళ్ల పైపు లాగొచ్చా? ప్లంబర్ ఒకటంటాడు, మేస్త్రి ఇంకోటంటాడు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. నెల్లూరు మూలాపేటలో తాతల నాటి ఇల్లు. ముందు భాగం దంతెల మిద్దె (దంతెలంటే పైకప్పుని మోసే చెక్క దూలాలు), వెనక భాగం తర్వాత పిల్లర్లు లేపి వేసిన స్లాబు. ఇప్పుడు పైన ఒక గది, బాత్రూము కడుతున్నారు. ఆ పైన సోలార్ వాటర్ హీటర్ పెట్టి కింది బాత్రూములకీ వంటింటికీ వేడినీళ్లు దించాలి. దగ్గరి దారి కదా అని ప్లంబర్ బీముకి బొక్క కొడదామంటున్నాడు. మేస్త్రేమో "బీము మీద చెయ్యేస్తే నేను సామాను సర్దుకుంటా" అంటున్నాడు. మీరు విదేశాల వీడియోల్లో నేల కింది చెక్క దూలాలకు వరసగా బెజ్జాలు పెట్టి హీటింగ్ పైపులు లాగడం చూశారు. వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ముప్పావు అంగుళం వేడినీళ్ల పైపుకైతే స్లాబు కింది బీములో, తగిన చోట, కాంక్రీటుని గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషన్‌తో బెజ్జం పెట్టుకోవచ్చు. నాలుగంగుళాల డ్రైనేజీ పైపుకి వద్దు. మిద్దె దంతెకి గంటు అసలే వద్దు. ఇంతా చెప్పి ఇంకో మాట: మీ ప్లాను చూస్తే ఆ బెజ్జం అవసరమే కనపడటం లేదు. బయటి గోడ మీదుగా చక్కటి దారి ఉంది. దాని గురించి కిందికి పోయాక చెప్తాను.

నేను సివిల్ ఇంజనీర్ని. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పాత ఇళ్ల రిపేర్లు, ఉన్న ఇంటి మీద అంతస్తు లేపే పనులే ఎక్కువగా చూస్తుంటాను. ఈ ప్లంబర్, మేస్త్రి పంచాయితీ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉండేదే. మేస్త్రి భయంలో న్యాయం ఉంది, ఎందుకంటే ప్లంబర్ చేతిలో ఉండేది సుత్తీ ఉలీ, లేదంటే బ్రేకర్. అడగాల్సింది బెజ్జం పెట్టొచ్చా లేదా అని కాదు. బీములో ఎక్కడ, ఎంత, దేంతో అని అడగాలి.

ముందు ఆ వీడియోల సంగతి. ఇంగ్లండ్ లాంటి చోట్ల పాత ఇంటి నేలంటే చెక్క పలకలు, వాటి కింద సుమారు 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క దూలాలు. బాయిలర్లో కాగిన నీళ్లు ప్రతి గదిలో ఉన్న రేడియేటర్‌కి పోయి, గదిని వెచ్చబెట్టి, మళ్లీ వెనక్కి రావాలి. పైపు బయటి గోడ మీద లాగితే చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి పైపు పగులుతుంది. వేడంతా గాలికి పోతుంది. అందుకని నేల కింద, దూలాలకు అడ్డంగా పోక తప్పదు. మే నెలలో మన ఊరి బయటి గోడ మీద చెయ్యి ఆనించి చూడండి, మనకు ఆ ఇబ్బంది ఎంత ఉందో తెలుస్తుంది.

పైగా వాళ్లు కూడా ఇష్టమొచ్చిన చోట పెట్టరు. బ్రిటన్‌లో చెక్క దూలాలకు వాడే లెక్క ఇలా ఉంటుంది. బెజ్జం దూలం ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉండాలి. దాని వ్యాసం దూలం ఎత్తులో నాలుగో వంతు మించకూడదు. రెండు గోడల మధ్య పొడవులో, ఏ గోడ నుంచి కొలిచినా, 0.25 నుంచి 0.4 వంతు దూరంలోనే పెట్టాలి. అంటే 12 అడుగుల దూలమైతే గోడకు 3 అడుగుల నుంచి 4 అడుగుల 9 అంగుళాల లోపు. రెండు బెజ్జాలుంటే వాటి మధ్య కనీసం మూడు వ్యాసాల ఎడం. గంటు కొట్టాలంటే దూలం పైవైపే కొట్టాలి, ఎత్తులో ఎనిమిదో వంతు మించకూడదు, అదీ గోడకు దగ్గరి భాగంలోనే, 12 అడుగుల దూలానికి గోడ నుంచి 10 అంగుళాలు దాటాక 3 అడుగుల లోపు. వీడియోలో డ్రిల్లు గిర్రున తిరగడమే కనపడుతుంది. ఈ టేపు కొలతలు కత్తిరించేస్తారు.

ఈ కొలతలు ఎందుకో తెలిస్తే మిగతాదంతా సులువు. పచ్చి వేపకొమ్మను రెండు చివరలా పట్టుకుని నడుమ కిందికి దిగేలా వంచండి. పైవైపు బెరడు ముడతపడి నొక్కుకుంటుంది, కింది వైపు సాగి సాగి చివరికి చీలుతుంది. నడుమ ఉండే చేవకు పెద్దగా ఏమీ కాదు. దూలమైనా బీమైనా అంతే. పైన నొక్కుడు, కింద లాగుడు, ఎత్తుకు మధ్యలో ఈ రెండూ దాదాపు సున్నా. పొడవు వైపు చూస్తే, రెండు గోడల నడిమధ్యలో వంపు ఎక్కువ, గోడ మీద ఆనిన చోట కోత ఎక్కువ. కోత అంటే బరువు దూలాన్ని నిలువునా తెగ్గొట్టాలని చూసే బలం. బెజ్జానికి చోటు ఈ రెంటి మధ్యలో వెతుక్కోవాలి.

లెక్కలో చూపిస్తాను. మీ మిద్దె దంతె 5 అంగుళాల ఎత్తు అనుకోండి. పైపు కూర్చోవడానికి అంగుళం లోతు గంటు కొట్టారు. మిగిలింది 4 అంగుళాలు. పోయింది ఐదో వంతే కదా అనిపిస్తుంది. కానీ వంపును ఓర్చే బలం ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 16ని 25తో భాగిస్తే 0.64. అంటే ఆ చోట 36 శాతం బలం పోయినట్టే. వంగకుండా నిలబడే బిగువు ఘనాన్ని బట్టి ఉంటుంది, 64ని 125తో భాగిస్తే ఇంచుమించు సగం. అదే అంగుళం బెజ్జాన్ని దంతె ఎత్తుకు సరిగ్గా మధ్యలో అడ్డంగా పెడితే పోయేది 125లో 1 వంతు, ఒక శాతం కూడా కాదు. తీసేసిన చెక్క రెండు చోట్లా అంగుళమే. తేడా అంతా చోటులోనే ఉంది.

మరి అంత తక్కువ నష్టమైతే దంతెకి బెజ్జం పెట్టుకుంటే పోలా అంటారేమో. మీ మిద్దెకి వద్దనే అంటాను. కారణం లెక్క కాదు, చెక్క వయసు. మన పాత మిద్దెల్లో టేకు దంతెలు వేసి, వాటి మీద సన్న ఇటుకలను గానుగ సున్నంతో నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుక జల్లీ సున్నం దిమ్మిస చేసి పలకరాళ్లు పరిచేవాళ్లు. మద్రాసు టెర్రస్ అనేది దీన్నే. కట్టిన పనితనానికి వంక పెట్టలేం. కానీ దంతె చివర గోడలోకి దూరి ఉంటుంది. ఎప్పుడో వాన నీళ్లు దిగి ఆ చివర మెత్తబడిందో, చెద లోపల తినేసి పైన పొర ఒక్కటే మిగిల్చిందో బయటికి కనపడదు. స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ పక్కన దంతె కింది వైపు గుచ్చి చూడండి. గట్టి టేకైతే మొన దిగదు. పావు అంగుళం సులువుగా దిగితే ఆ దంతె మిమ్మల్ని మోయడమే గొప్ప, పైపు పని తర్వాత.

స్టోన్‌హౌస్‌పేటలో ఒక ఇంట్లో చూశాను. గీజరు పైపు కనపడకూడదని నాలుగు దంతెలకు కింది వైపు, అదీ నడిమధ్యలో, గంట్లు కొట్టి పైపు దూర్చి పైన ప్లాస్టర్ మూశారు. ఇటుకలు జారలేదు, ఇల్లు కూలలేదు. గది మధ్యలో సీలింగ్ ఒక వేలెడు దిగింది, పైన పలకరాళ్ల మధ్య సందు తెరుచుకుంది, వాన నీళ్లు ఆ సందులోంచి దిగడం మొదలైంది. ఇంటివాళ్లు నన్ను పిలిచింది లీకేజీ అని. వాటర్ ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేయించాక పిలిచారు. ప్లాస్టర్ పెచ్చు ఊడదీస్తే ఆ గంటు మూల నుంచి దంతె పొడవునా చీలిక. గంటు కొట్టిన చెక్క సాధారణంగా అక్కడి నుంచే చీలుతుంది. కొత్త దంతెలు పక్కన జతచేసి బోల్టులు వేయాల్సి వచ్చింది.

దంతెల మిద్దెలో పైపు దాచాలన్న ఆలోచనే మానుకోండి. పైపు దంతెలకు సమాంతరంగా పోతే రెండు దంతెల మధ్య సందులో క్లాంపు వేసి పోనివ్వండి. అడ్డంగా పోవాలంటే దంతెల కింద, గోడ వారగా పోనివ్వండి. పైన ఒక చెక్క పట్టీ కొడితే అందంగానే ఉంటుంది.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పు. పై బాత్రూమ్ మిద్దె భాగం మీదికి వస్తోందా, స్లాబు భాగం మీదికా? మిద్దె మీదికైతే పైపు గొడవ పక్కన పెట్టి ముందు దాన్ని ఆపండి. 6 బై 8 అడుగుల బాత్రూమ్‌కి అడుగు లోతు ఇటుక ముక్కలూ రద్దూ నింపితే ఆ నింపుడే రెండు టన్నులు పైమాట. చదరపు మీటరుకి సుమారు 500 కిలోలు. ఇళ్ల గదుల్లో మనుషులూ సామానూ కలిపి డిజైన్లో పెట్టుకునే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. మన తాతలు ఆ దంతెలు వేసింది ఎండాకాలం మంచాలేసుకుని పడుకోవడానికీ, వడియాలు ఎండబెట్టుకోవడానికీ.

ఇక వెనక భాగం, కాంక్రీటు బీము. ఇక్కడ లెక్క కొంచెం మారుతుంది. కాంక్రీటు నొక్కుడుని ఓర్చుకుంటుంది, లాగుడుని ఓర్చుకోలేదు. ఆ లాగుడు కోసమే కింద మెయిన్ రాడ్లు. కోతను ఆపడానికి ఆ రాడ్ల చుట్టూ కట్టే ఇనుప రింగులు. పిల్లర్ దగ్గరికొచ్చేసరికి లాగుడు పైవైపుకి మారుతుంది, అందుకే అక్కడ పైన ఎక్స్‌ట్రా రాడ్లు వేస్తారు. అంటే బీము కింది రెండు మూడంగుళాలు ఎప్పుడూ ముట్టుకోకూడదు. పైన స్లాబు మందం ఉన్న భాగం ముట్టుకోకూడదు. పిల్లర్ నుంచి బీము ఎత్తుకు రెండింతల దూరం దాకా ముట్టుకోకూడదు. 15 అంగుళాల బీమైతే పిల్లర్‌కి రెండున్నర అడుగుల లోపల చెయ్యి పెట్టొద్దు.

ఆ రెండింతల దూరం నేను ఊహించి చెప్పింది కాదు. భూకంపానికి ఇల్లు తట్టుకోవాలంటే పిల్లర్ పక్కన బీములో అంత పొడవునా రింగులు దగ్గర దగ్గరగా ఉండాలని మన దేశపు భూకంప కోడ్ ఐఎస్ 13920 చెబుతుంది. మనకు భూకంపాలెక్కడివి అనుకోకండి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. 2016 నాటి భూకంప మ్యాపులో నెల్లూరు, ఒంగోలు రెండూ జోన్ 3లో, అంటే ఒక మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. పాత కట్టడాల్లో రింగులు ఎలాగూ దూరంగానే ఉంటాయి. ఉన్న ఒకటి రెండు కూడా తెంచితే ఇక అక్కడ మిగిలేది ఉత్త కాంక్రీటే.

మరి ఎక్కడ పెట్టాలి? రెండు పిల్లర్ల మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే నడిమి భాగంలో. 12 అడుగుల బీమైతే ఒక పిల్లర్ నుంచి 4 అడుగులు దాటాక, 8 అడుగుల లోపు. చెక్క దూలానికి నడిమధ్య వదిలేయమని చెప్పి దీనికి నడిమి భాగం అంటున్నానేంటని అడగొచ్చు. కాంక్రీటు బీములో వంపుని మోసేది కింది రాడ్లూ పైన స్లాబూ. వాటిని తాకనంత వరకూ మధ్య ఎత్తులో ఉన్న కాంక్రీటు పని ముఖ్యంగా కోతకే. ఆ కోత నడిమి భాగంలో తక్కువ. కాకపోతే ఆ బీము మీద ఇంకో బీము వచ్చి ఆనినా, పైన పిల్లర్ లేచినా ఈ లెక్క చెల్లదు. బరువు ఒకే చోట పడితే కోత అక్కడికి చేరుతుంది. అలాంటి బీముకి డ్రాయింగ్ చూడకుండా ఏ చోటూ మంచిది కాదు.

సైజు సంగతి. 2011 నాటి అమెరికా కాంక్రీటు కోడ్‌లో బీములో పోయించే పైపు దాని మందంలో మూడో వంతు మించకూడదని ఒక హద్దు ఉండేది. అది పోత పోసేటప్పుడే ముందుగా ఆలోచించి స్లీవ్ (పైపు దూరడానికి పెట్టే గొట్టం) పెట్టినవాటికి. ఇప్పటికే ఉన్న బీముకి, లోపల స్టీలు ఎలా కట్టారో తెలియనప్పుడు, నేను 2 అంగుళాలు దాటనివ్వను. వేడినీళ్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు బయటి కొలత 22 మిల్లీమీటర్లు, దాని చుట్టూ ఇన్సులేషన్ వేసినా 2 అంగుళాల బెజ్జంలో పడుతుంది. నాలుగంగుళాల డ్రైనేజీ పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు. దానికి బెజ్జం 5 అంగుళాలు కావాలి. 15 అంగుళాల బీములో పైన 5 స్లాబు పోతే, కింద 3 రాడ్లకు వదిలితే, మిగిలేది 7. అందులో 5 తీస్తే ఇక ఏం మిగిలింది? పైగా డ్రైనేజీకి వాలు కావాలి. 40కి 1 చొప్పున వాలు ఇస్తే 10 అడుగుల్లో పైపు 3 అంగుళాలు దిగుతుంది. అది రెండో బీము దగ్గరికొచ్చేసరికి రాడ్ల మీదికే వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం నిలువు బెజ్జం. జనం అడ్డంగా పోయే పైపు గురించే అడుగుతారు. కానీ నేను ఎక్కువగా చూసే నష్టం పైనుంచి కిందికి కొట్టిందే. పై బాత్రూమ్ గోడ సాధారణంగా బీము మీదే వస్తుంది. కమోడు గోడకు దగ్గరగా ఉండాలి కదా, దాని పైపు సరిగ్గా బీము నెత్తిన దిగుతుంది. ఒంగోల్లో ఒక ఇంట్లో అలాగే 9 అంగుళాల వెడల్పు బీముని పైనుంచి బ్రేకర్‌తో దింపేశారు. పైన రాడ్లలో ఒకటి తెగింది. కింద ఇంకోదాన్ని వంచి పక్కకు నెట్టి పైపు దూర్చారు. కమోడుని 8 అంగుళాలు ఇవతలికి జరిపి ఉంటే పైపు స్లాబులోంచి పోయేది. తర్వాత కింద ఒక కొత్త పిల్లర్ లేపి, దానికి పునాది తవ్వి సరిచేయాల్సి వచ్చింది. హాలు మధ్యలో పిల్లర్ ఇప్పటికీ ఉంది. దానికి దేవుడి పటం తగిలించుకున్నారు.

ముందుకి పొడుచుకొచ్చిన బాల్కనీ బీముల్లో మెయిన్ రాడ్లు పైవైపున ఉంటాయి. అక్కడ ఏ బెజ్జమూ వద్దు. స్లాబు మందంలోనే దాచేసిన హిడెన్ బీములకూ అంతే. కొన్ని పాత ఇళ్లలో రైలు పట్టాలు బీములుగా వేసి వాటి మీద బండలు పరిచి ఉంటారు. వాటి జోలికి గ్యాస్ కట్టర్‌తో పోకండి.

కింది వైపు గాడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "బొక్క కాదు సార్, కొంచెం గాడి తీస్తా" అనే మాట ప్లంబర్ల నోట తరచూ వింటాను. బొక్క కంటే అదే చెడ్డది. కావలి వైపు ఒక ఇంట్లో వంటింటి బీము కింద అంగుళం లోతు గాడి తీసి సీపీవీసీ పెట్టి సిమెంటుతో మూశారు. రాడ్లు తెగలేదు. కానీ రాడ్ల కింద ఉండాల్సిన కవరింగ్, అంటే వాటిని కాపాడే కాంక్రీటు పొర, మొత్తం పోయింది. మనది సముద్రపు గాలి. ఆ సిమెంటు పూత పాత కాంక్రీటుకి అతుక్కోదు, సన్నటి సందులోంచి తేమా ఉప్పూ రాడ్‌కి చేరతాయి. తుప్పు పట్టిన రాడ్ ఉబ్బి బీము అడుగు మొత్తం పెచ్చుగా ఊడిపడింది. మామూలు వాతావరణంలో 20 మిల్లీమీటర్ల కవరింగ్ చాలంటుంది మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456. సముద్ర తీరపు వాతావరణానికి 45 అడుగుతుంది. పాత ఇళ్లలో ఉండేదే తక్కువ, దాన్ని మనమే గీకేస్తే ఎలా?

అందుకే బెజ్జం మాట ఎత్తకముందే బీము అడుగున చూడండి. రాడ్ పొడవునా గోధుమ రంగు చార ఉన్నా, సన్నటి పగులు ఉన్నా, సుత్తితో మెల్లగా తట్టితే డొల్ల శబ్దం వచ్చినా ఆ బీముకి ముందు వైద్యం కావాలి. తీరం పక్క ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లతో కలిపిన కాంక్రీటుకి ఇది మరీ ఎక్కువ. స్టీలు ఉన్న కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ రోజుల్లో అలా పరీక్ష చేయించిన ఇల్లు నాకు తగల్లేదు.

అన్నీ చూసి, బెజ్జం తప్పదనుకుంటే పని ఇలా జరగాలి. బీము రెండు పక్కలా ప్లాస్టర్ ఊడదీయండి. స్కానర్ ఉన్నవాళ్లని పిలిపించి రింగులూ రాడ్లూ చాక్‌పీసుతో గీయించండి. స్కానర్ దొరక్కపోతే అనుకున్న చోట 6 మిల్లీమీటర్ల బిట్టుతో సన్నటి పరీక్ష బెజ్జాలు వేసి చూడాలి. ఇనుము తగిలితే జరగాలి. పాత బీముల్లో రింగుల మధ్య 6 నుంచి 8 అంగుళాలు ఉంటుంది, 2 అంగుళాల బెజ్జం ఆ సందులో హాయిగా పడుతుంది. ఆ పైన డైమండ్ కోర్ మిషన్‌ని బీముకి బిగించి, నీళ్లు పోస్తూ కొయ్యాలి. చేత్తో పట్టుకుని కాదు. కాంక్రీటు తెగుతున్నంతసేపు బూడిద రంగు బురద కారుతుంది. ఆ నీళ్లు ఉన్నట్టుండి తేటపడి, మిషన్ ముందుకు పోకుండా కీచుమంటే బిట్టు ఇనుము మీదుంది. అక్కడ ఆపేయాలి. నడిపేవాడు "పర్లేదు సార్, కోసేస్తుంది" అంటాడు. నిజంగానే కోసేస్తుంది, మన భయమూ అదే. దగ్గరే నిలబడండి. బ్రేకర్, సుత్తి, ఉలి వద్దనడానికి కారణం అవి బెజ్జం చుట్టూ కంటికి కనపడని పగుళ్లు చేస్తాయి. కోర్ కోత అంచు గాజులా నున్నగా వస్తుంది.

వేడినీళ్ల పైపుకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. సీపీవీసీ వేడికి సాగుతుంది. మీటరుకి, ఒక్కో డిగ్రీకి సుమారు 0.065 మిల్లీమీటర్లు. పొద్దున 25 డిగ్రీల పైపులోకి 65 డిగ్రీల నీళ్లు వస్తే 10 మీటర్ల పైపు 26 మిల్లీమీటర్లు, అంటే అంగుళం సాగుతుంది. చల్లారితే వెనక్కి వస్తుంది. రోజూ ఇదే తంతు. బీములో పైపు చుట్టూ సిమెంటు కూరితే అది కదల్లేదు, పక్కనున్న ఎల్బో దగ్గర విరుగుతుంది. అందుకని బెజ్జంలో పెద్ద సైజు పైపు ముక్కని స్లీవ్‌గా పెట్టి, దాంట్లోంచి వేడి పైపు వదులుగా పోనివ్వండి. సందు సిలికాన్ సీలెంట్‌తో మూస్తే చాలు. బీము లోపల జాయింటు ఉండకూడదు. పొడుగాటి లైన్‌లో ఒక చోట యూ ఆకారంలో మలుపు ఇవ్వండి. మూసేముందు పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పంపుతో ఎక్కించి రాత్రంతా వదిలి పొద్దున గేజి చూడండి.

ఇప్పుడు మీ ఇంటికి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. పై బాత్రూమ్‌ని స్లాబు భాగం మీద, కింది బాత్రూమ్‌కి సరిగ్గా పైన, వెనక గోడకు ఆనించి పెడతాను. అప్పుడు డ్రైనేజీ పైపులు గోడలోంచి నేరుగా బయటికొచ్చి దిగిపోతాయి, ఏ బీమునీ దాటవు. వేడినీళ్ల పైపు సోలార్ ట్యాంకు నుంచి వెనక గోడ బయట దిగి, కింది బాత్రూముల్లోకి ఇటుక గోడలోంచి దూరుతుంది, తలుపులూ కిటికీల పైన ఉండే లింటల్‌కి తగలకుండా. వంటింటికి మాత్రం కాస్త చుట్టు తిరగాలి. మీ కొలతల ప్రకారం 5 మీటర్లు ఎక్కువవుతుంది. ముప్పావు అంగుళం పైపులో మీటరుకి పావు లీటరు చొప్పున నీళ్లు నిలుస్తాయి. అంటే వేడినీళ్లు వచ్చేలోపు ఒకటింపావు లీటరు చన్నీళ్లు అదనంగా పోతాయి. గిన్నెలు కడిగే నీళ్లే కదా, ఒక చెంబు కింద పెట్టుకోండి. బీము కొయ్యడంతో పోలిస్తే ఇది ఖర్చే కాదు.

బయటి పైపు దగ్గర రెండు విషయాలు మరవకండి. ఎండ పడే సీపీవీసీ కొన్నేళ్లకి పెళుసుబారుతుంది. ఇన్సులేషన్ తొడిగి పైన అల్యూమినియం రేకు చుట్టించండి. లేదా నీటిలో కలిపే యాక్రిలిక్ పెయింటు వేయించండి, ఆయిల్ పెయింటు వద్దు. రెండోది, ట్యాంకు నుంచి మొదటి రెండు మూడు అడుగులు జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మీరు ఊరెళ్లి నీళ్లు వాడకపోతే గాజు గొట్టాల సోలార్లో నీళ్లు మరిగే దాకా వెళ్తాయి. సీపీవీసీ ఓర్చుకునేది 93 డిగ్రీల వరకే. ట్యాంకు మీద గాలి గొట్టం మూసుకుపోకుండా చూసుకోండి. మన బోరు నీళ్లకి ఉప్పు పేరుకుని అదీ మూసుకుపోతుంటుంది.

మీ ఫోటోల్లో మూడోదానిలో బీము పక్కన ప్లాస్టర్ లేచిపోయి, అరచేయంత గుంట కనపడుతోంది. ప్లంబర్ అప్పుడే మొదలుపెట్టినట్టున్నాడు. అది పిల్లర్‌కి అడుగున్నర దూరంలోనే ఉంది, కాబట్టి ముందు ఆ పని ఆపించండి. గుంటలో రింగు గానీ రాడ్ గానీ బయటపడలేదంటే వదులు ముక్కలు గీకి, తడిపి, ఆరాక కుంచించుకుపోని నాన్ ష్రింక్ గ్రౌట్‌తో నింపించండి. మామూలు ఇసుక సిమెంటు కాదు. రింగు కనపడి అది తెగకపోతే తుప్పు బ్రష్ చేసి అదే గ్రౌట్. రింగు గానీ రాడ్ గానీ తెగి ఉంటే ఆ రోజే బీము కింద జాకీలు గానీ బలమైన సరుగుడు బాదులు గానీ ఆనించండి. కింద మందపాటి చెక్క పలక వేసి గట్టి నేల మీద నిలపాలి, టైలు మీద కాదు. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. వెల్డింగ్ అతన్ని పిలిచి తెగిన రాడ్‌కి అతుకు వేయించొద్దు. ఆ గుంటని టార్చి వేసి దగ్గరగా ఒక ఫోటో తీసి, పక్కన టేపు ఆనించి పెట్టండి. చూసి చెప్తాను.